సజ్జల్లో నల్ల గింజలు

పాసయ్యాను! బీ ఫార్మసీ, ఫస్ట్ క్లాస్! మా ఇంట్లో డిగ్రీ అందుకున్న మొదటి మనిషిని నేనే. ఫోన్‌లో ఫలితం చూసుకుని, కుంఠా నాకా నుంచి నీలం నగర్ దాకా దాదాపు పరిగెత్తాను.

అమ్మ చాటలో సజ్జలు ఏరుతోంది. బీడీలు చుట్టే వేళ్లు, గింజల మీదా అదే వేగం.

"పాసైనవా? మస్తు! మరి నోరు తీపి చేస్తందుకు పేఢేలేవి?" అంది తలెత్తకుండా.

నేను వైవా సంగతి మొదలుపెట్టాను. ఎర్గాట్ అనే బూజు నుంచి తయారైన మందులు డోపమైన్ రిసెప్టర్ల మీద ఎలా పనిచేస్తాయని అడిగారు. వదిన వాడేది ఆ జాతి మాత్రే. ఆమెకు పిల్లల్లేరు, కానీ పాలు వస్తున్నాయి, పాలు ఊరేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఎక్కువైంది. దాన్ని మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి వదులుతుంది. అక్కడి కణాల మీదున్న రిసెప్టర్‌లో డోపమైన్ అనే మెదడు రసాయనం కూర్చుంటే ఆ వదలడం తగ్గుతుంది. మాత్రలోని మందు కూడా డోపమైన్ లాగే అక్కడ కూర్చుంటుంది, తొందరగా లేవదు.

"సజ్జకంకికి గూడ గసొంటి బూజే పడ్తదని నువ్వే చెప్తివి గదా," అంది అమ్మ. "మాత్ర పిరం. అందుకే ఏరిపెట్టిన."

ఎప్పుడూ పారేసే, బూజు పట్టిన నల్ల గింజలు ఒక అగ్గిపెట్టె నిండా ఉన్నాయి.

"వదినకు పెట్టినవా?"

"ఇంకా లేదు," వంటింట్లోంచి వదినే చెప్పింది. "సోమారం మంచిదన్నది అత్తమ్మ."

నాన్న నడిపే సాంచ, అదే పవర్‌లూమ్, గుర్తొచ్చింది. "అమ్మా, సాంచ ఆపాలంటే బటన్ నొక్కుతరా, లోపల రాయి ఏస్తరా?"

"ఆగుడైతే రెండిట్ల ఆగుతది."

వదిన పకపకా నవ్వింది.

"మాత్ర బటన్ అసొంటిది," అన్నాను. " ఒక్కదాన్నే చూసి నొక్కుతది. ఈ గింజలు రాయి. వీటిల ఏమున్నయో, పోయి ఏడ కూసుంటయో ఎవరికెరుక? వాంతులైతయి, తల తిరుగుతది. సజ్జల బూజు వేరు, మందు చేసే బూజు వేరు."

అమ్మ అగ్గిపెట్టె మూసింది. "మరి జోడ్‌భావి పేట్ చిన్నమ్మకు గూడ ఈ గింజల సంగతి చెప్పినగదనే. బీడీ కార్ఖానల ఇద్దరికి గూడ."

ఇక ఫోన్ చేయాల్సినవాళ్లు: అందరికంటే ముందు, ఆ గింజలు తినొద్దని చెప్పడానికి, చిన్నమ్మ. చిన్నమ్మ మాట వినదు కాబట్టి ఆమె కోడలు. కార్ఖానాలో అమ్మకు అటూ ఇటూ కూర్చునే ఇద్దరు. వాళ్లు ఇంకెవరికి చెప్పారో వాళ్లు. ఆ తర్వాత, పాసైన మాట చెప్పడానికి, అన్న, మేనమామ, నాతో పాటు వైవాలో వణికిన స్నేహితురాలు.