ఈసారి ఏమీ అతికించక్కర్లేదట

మా ఆయనని వీధంతా దెయ్యాల మేస్త్రి అంటారు. నిజానికి ఆయన ఒక్క దెయ్యాన్ని కూడా చేసిన పాపాన పోలేదు. సైన్సు సినిమాలకి రబ్బరు రాక్షసుల ముసుగులు చేస్తారు. ఆ తేడా చెప్పబోతే, "రెండూ ఒకటే కదమ్మా, మొహం చూస్తే జడుసుకోవాలి, అంతేగా" అంటారు. ఆ మొహం ఎవరిదో తెలిస్తే ఏమనేవాళ్ళో!

ఆ మొహం నాది.

ముసుగు చెయ్యాలంటే ముందు ఒక మనిషి మొహం మీద ప్లాస్టర్ పోసి అచ్చు తియ్యాలి. పిలవగానే వచ్చి, నోరెత్తకుండా కూర్చునే మనిషి కట్టుకున్న పెళ్ళాం కాక ఇంకెవరు దొరుకుతారు? పెళ్ళైన కొత్తలో మురిసిపోతూ కూర్చున్నాను. ఆ మురిపెం ఆ ఒక్కసారితో సరి. కనుబొమ్మలకి జిడ్డు పూసి, ముక్కుల్లో రెండు గొట్టాలు దోపి, "కదలకు" అంటారు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. కాలుతోందండీ అందామంటే నోరు మూసేశారాయె! తీశాక చెబితే, "నీకన్నీ ఎక్కువే" అని నవ్వేవారు. ఆ ప్లాస్టర్ కడిగి కడిగి స్నానాలగది తూము పూడుకుపోయి ఎన్నిసార్లు పొడిపించానో లెక్కలేదు. నా పొయ్యి మీద వంటకన్నా రబ్బరే ఎక్కువ ఉడికింది.

కాలం మారినప్పుడల్లా జనానికి ఓ కొత్త భయం పుట్టేది. అదేమిటో తెలుసుకోవడానికి నేను పేపరు చదవక్కర్లేదు. నా అచ్చుకి ఈ మనిషి ఏం అతికిస్తున్నారో చూస్తే చాలు. అందరూ బాంబుల గురించే మాట్లాడుకున్న రోజుల్లో నా బుగ్గల నిండా బొబ్బలు లేపారు. ఫ్యాక్టరీల విషం నీళ్ళలో కలుస్తోందని గోల పుడితే, ఆకుపచ్చ రంగు పూసి చెవుల పక్కన చేప మొప్పలు పెట్టారు. కంప్యూటర్లొచ్చి ఉద్యోగాలు ఊడగొడతాయన్నప్పుడు సగం మొహం రేకు, ఒక కన్ను ఎర్ర బల్బు. అంటురోగాల భయం పట్టుకున్నప్పుడైతే ఏకంగా కళ్ళే పీకేశారు. హాల్లో జనం కెవ్వుమంటుంటే ఈయన నన్ను మోచేత్తో పొడిచి, "చూశావుటే, ఎలా హడలిపోయారో!" అనేవారు. పెళ్ళాం మొహం చూసి ఊరంతా అరుస్తుంటే మురిసిపోయే మొగుడు ఇంకెక్కడైనా ఉంటాడా?

తరవాత్తరవాత రాక్షసులు కూడా కంప్యూటర్లోనే పుట్టడం మొదలైంది. ఈయన పని పోయింది. పనిచేసిన చేతులు ఊరుకోవు కదా, ఎండిపోయిన రబ్బరు డబ్బాల మూతలు తీసి చూడడం, మళ్ళీ పెట్టడం. తిండి తగ్గింది, కసురుకోవడం పెరిగింది. మనిషి కళ్ళముందే కుంగిపోతుంటే చూడలేకపోయాను. ఒక్క పని పంపు దేవుడా, నా తూము మళ్ళీ పూడుకుపోయినా సరే అని మొక్కుకున్నాను. అంతకి దిగజారాను!

పని వచ్చింది. ఒక కుర్ర డైరెక్టరు వెతుక్కుంటూ ఇంటికే వచ్చాడు. ముసుగు చేత్తో చేసిందే కావాలట. కథ చెప్పాడు. రాబోయే కాలంలో ముసలివాళ్ళు చావకుండా ఏదో మందు కనిపెడతారట. ఇక వాళ్ళు చావరు, ఇళ్ళు ఖాళీ చెయ్యరు, నీళ్ళూ గాలీ అన్నీ వాళ్ళకే చాలవు, పిల్లలకి ఏమీ మిగలదు.

"ఇంతకీ రాక్షసి ఎలా ఉండాలి బాబూ?" అంటూ ఈయన హుషారుగా పెన్సిలు తీశారు. "కొమ్ములా, కోరలా?"

ఆ అబ్బాయి గోడకి వేలాడుతున్న ముసుగులన్నీ చూశాడు. తరవాత నన్ను చూశాడు.

"ఈసారి ఏమీ అతికించక్కర్లేదు మేస్త్రిగారూ. అమ్మగారి మొహం ఉన్నదున్నట్టు దించెయ్యండి, చాలు. జనం చచ్చేట్టు భయపడతారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయన ఏమన్నా అంటారేమోనని చూశాను. "అలాగే బాబూ, పని ఇంకా తేలిక" అన్నారు!

అతను గుమ్మం దాటగానే అడిగాను. "విన్నారా వాడేమన్నాడో?"

"విన్నా. తొందరగా కావాలట. జుట్టు వెనక్కి కట్టుకో."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఛస్తే కూర్చోనని చెబుదామని వెనకాలే వెళ్ళాను. ఆయన ప్లాస్టర్ పొడి జల్లిస్తూ కూనిరాగం తీస్తున్నారు. ఆ గొంతులో రాగం విని ఎన్నాళ్ళయిందో. జుట్టు కట్టుకుని కూర్చున్నాను.

గొట్టాలు దోపారు. ప్లాస్టర్ చల్లగా నుదుటి మీద పడి బుగ్గల మీదికి జారింది. మూసిన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బొబ్బలు పెట్టినప్పుడు ఏడవలేదు, కళ్ళు పీకినప్పుడూ ఏడవలేదు. అప్పుడు జనం భయపడింది అతికించినవాటికి. ఇప్పుడు అతికించేదేమీ లేదు, నన్ను చూసే భయపడాలట. ఏడుపు ఆపుకుందామన్నా ఆగలేదు, భుజాలు కదిలిపోయాయి.

ఆయన చేతులు ఆగాయి. ఒకసారి ప్లాస్టర్ కలిపాక ఇల్లు తగలబడినా మధ్యలో ఆపే మనిషి కాదు. మా అమ్మాయికి నొప్పులొస్తున్నాయని కబురొస్తే, "ముందు ఇది గట్టిపడనీ" అన్న ఘనుడు. అలాంటి మనిషి తడిగుడ్డ తెచ్చి నా మొహం తుడవడం మొదలుపెట్టారు.

"ఏమైందండీ?"

"పాళ్ళు కుదరలేదు."

"మీకా? ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనిది!"

గొట్టాలు కడిగి నా చేతికిచ్చి, ఆ కుర్చీలో తనే కూర్చున్నారు.

"వాడిక్కావలసింది ముసలి మొహమేగా. నాదుందిగా, పొయ్యి."

"మరి నాదేం పాపం చేసింది?"

"నీ మొహానికి ఏదో ఒకటి అతికిస్తే గానీ భయం రాదే. ఇన్నాళ్ళూ దగ్గరుండి చూస్తున్నది నేనేగా."

"ఆ ముక్క వాడి ముందు అనడానికి ఏం రోగమొచ్చింది మీకు?" అని అరిచాను. అరుస్తూనే ఆయన కనుబొమ్మలకి జిడ్డు పూశాను. గొట్టాలు కాస్త గట్టిగానే దోపాను. పాళ్ళు నాకు తెలియనివా? కొత్తగా కలిపి, నుదుటి మీంచి పోశాను.

కాసేపటికి ఆయన కాళ్ళు అటూ ఇటూ కదిలాయి. గొట్టాల్లోంచి "ఊఁ, ఊఁ" అని మూలుగు. వేడి తగిలింది.

"కదలకండి," అన్నాను. "మీకన్నీ ఎక్కువే."

మూలుగు ఆగింది. ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ప్లాస్టర్ గట్టిపడేదాకా నేనూ విడిపించుకోలేదు.