ఎదురు రాని రోజు

మా అక్క కొడుకు పోయాడు. సరిహద్దులో, షెల్లు పడి. కబురు మధ్యాహ్నం వచ్చింది. బావ సున్నపురాయి లారీ దిగి అన్నానికి కూర్చున్నాడో లేదో ఫోను మోగింది. అవతల ఎవరో ఆఫీసరు హిందీలో చెబుతున్నాడు. బావది లారీ తోలుతూ నేర్చిన హిందీ, టోల్ గేట్ల దగ్గరా డాబాల దగ్గరా సరిపోయేంత. అర్థం కాక మళ్లీ చెప్పమని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అర్థమైంది. గోడకు ఇవతల మిషను మీద జాకెట్టు కుడుతున్న నాకు అక్క కేక వినపడింది.

పేపర్లో వాణ్ణి వీరుడని రాశారు. కాదని నేనెందుకంటాను? కానీ ఆ వీరుణ్ణి నేను చూడలేదు. నేను చూసినవాడు వేరు. చారులో కరివేపాకు ఏరి పళ్లెం అంచున వరసగా పెట్టేవాడు, కొత్త చెప్పులు కొంటే ముందు నాకు చూపించి గానీ తొడుక్కునేవాడు కాదు. వాడి గురించే నాలుగు ముక్కలు రాసుకుంటాను.

పిడుగురాళ్లలో మా రెండిళ్లకూ ఒకటే గోడ. నాకు పిల్లల్లేరు. వాడు అక్క కడుపున పుట్టి నా ఇంట్లో పెరిగాడు. మిలిటరీ సెలక్షన్లకు పోయిన రోజు పొద్దున్నే సంచీ పట్టుకుని గడప దిగుతుంటే, నేను చూసుకోకుండా చెత్తబుట్టతో సందులోకి వచ్చాను. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. మా వైపు ఎవరన్నా ఊరికి బయల్దేరితే ముత్తైదువ నీళ్లబిందెతో ఎదురు రావాలి. నాబోటిది రాకూడదు. వస్తే, లోపలికి పోయి కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. వాడి నాయనమ్మ అదే అంది, నాకు వినపడేటట్టే అంది. వాడు కూర్చోలేదు, బస్సు పోద్దని పరిగెత్తాడు. సెలక్టయి వచ్చాడు.

అప్పటి నుంచి వాడికి అదొక మొండి పట్టు. ట్రైనింగుకు పోయినా, సెలవు అయిపోయి పోయినా, నేను ఎదురు రావాల్సిందే. భుజాన సంచీ వేసుకుని మా గుమ్మం ముందు నిలబడేవాడు. నాయనమ్మ గొణిగితే నవ్వేవాడు. "నువ్వు పంపిన ముత్తైదువలు నన్ను ఇంటర్లో రెండుసార్లు ఫెయిలు చేశారు. పిన్ని ఎదురొస్తే ఉద్యోగమొచ్చింది. ఇంకేం కావాల నీకు?" అనేవాడు. ముసలావిడ గొణుక్కుంటూనే లోపలికి పోయేది. ఇన్నేళ్లలో పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెనక వరసలో నిలబడి అలవాటైన నేను, వాడు వెళ్లే రోజు మాత్రం ఉతికిన చీర కట్టుకుని సందు మధ్యలో నడిచేదాన్ని. చెప్పడానికి సిగ్గెందుకు, గర్వంగానే నడిచేదాన్ని.

ట్రైనింగుకు పోయే ముందు వారం కూర్చోబెట్టి గుండీలు కుట్టడం నేర్పాను. అక్కడ నీకెవరు కుడతార్రా అంటే, చేతులు చూడు సూది గుచ్చుకుని ఎలా ఉన్నాయో అని సూది పడేసేవాడు. తిట్టి తిట్టి నేర్పాను. ఆర్నెల్లకు ఫోన్ చేసి, బ్యారక్‌లో అందరి గుండీలూ తానే కుడుతున్నానని, పంజాబీ కుర్రాళ్లు మాస్టర్జీ అని పిలుస్తున్నారని చెప్పాడు. గుండీ దూరే కాజా కుట్టడం కూడా వచ్చా అని అడిగితే, కాజాకు మాత్రం సెలవులో వచ్చి నేర్చుకుంటానన్నాడు. అది కుదరనే లేదు.

మొదటిసారి మంచులో డ్యూటీ పడ్డప్పుడు వాడి గొంతు చానా నీరసంగా ఉండేది. ఇక్కడున్నంత కాలం సున్నపు బట్టీల వేడి, దుమ్ము అని సణిగినవాడే, "ఒక్క పది నిమిషాలు మన బట్టీ పక్కన కూర్చోవాలనుంది పిన్నీ" అన్నాడు. ఆ సాయంత్రం నేను పని గట్టుకుని బట్టీల దాకా నడిచాను. వాడి బదులు కాసేపు అక్కడ నిలబడి వచ్చాను. పిచ్చిపనే. అక్కతో కూడా చెప్పలేదు.

ఈసారి సెలవు మీద వచ్చి తొమ్మిది రోజులయింది. సరిహద్దులో యుద్ధం మొదలైంది, సెలవులు రద్దు, వెంటనే రమ్మని ఫోను. ఇల్లంతా ఉరుకులు పరుగులు. అక్క ఏడుస్తూనే అరిసెలు మూట కడుతోంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఎదురు రావద్దని నాయనమ్మ కూడా అనలేదు. భయం నాలోనే పుట్టింది. గుంటూరు సెలక్షన్లకు పోవడం వేరు, యుద్ధానికి పోవడం వేరు కదా అనిపించింది. ఎదురింటి అమ్మాయికి బిందె ఇచ్చి నిలబెట్టి, నేను లోపల గడియ పెట్టుకుని మిషను ముందు కూర్చున్నాను. గుడ్డ లేకుండానే పెడలు తొక్కుతున్నాను.

వాడొచ్చి తలుపు తట్టాడు. "పిన్నీ, ఆటో వచ్చింది. ఒక్కసారి బయటికి రా" అన్నాడు. అర్జెంటు పనుందిరా, పోయిరా అన్నాను. తలుపు కింద సందులోంచి వాడి బూట్లు కనపడుతున్నాయి. అక్క రైలు పోద్దని కేకేసింది. బూట్లు కదిలాయి. నేను ఆఖరుసారి చూసింది వాటినే.

రెండు వారాలకు ఒక్కసారి మాట్లాడాడు, ఎవరిదో ఫోను. ఎందుకు రాలేదని అడిగాడు. అబద్ధం చెప్పలేక, భయమేసిందిరా అన్నాను. నవ్వాడు. "యుద్ధం నాకైతే భయం నీకేంది? వచ్చినప్పుడు చూస్తా నీ సంగతి" అన్నాడు. లైను కట్టయింది.

ఆ రోజు నేను ఎదురు వచ్చి ఉంటే నా మొహం వల్లే పోయాడని ఊరు అనేది. రాలేదు గనక నా వల్లే పోయాడని నేను అనుకుంటున్నాను. రెండూ తెలివితక్కువ మాటలేనని నాకు తెలుసు. శకునాన్ని చూసి షెల్లు పడదు. కానీ ఒక్క నిమిషం వాడి మొహం చూసే రాత ఉంటే, దానికి నా చేతులతో నేనే గడియ వేసుకున్నాను. శకునం సంగతి ఎటు పోయినా, ఆ నిమిషం ఇక రాదు. దాని కోసమే ఏడుస్తున్నాను.

వాణ్ణి తెచ్చిన రోజు ఊరంతా ఫ్లెక్సీలు. హైవే మీద నుంచి మిలిటరీ బండి వస్తోందని జనం పరిగెత్తుతున్నారు. నేను అలవాటు కొద్దీ లోపలే గోడకానుకుని ఉన్నాను. నాయనమ్మ తడుముకుంటూ నా గుమ్మంలోకి వచ్చింది. "ఏమే, ఇంకా ఇక్కడే ఉన్నావేంది? వాడొస్తున్నాడు. ఎదురు పో" అంది.

వెళ్లాను. కాళ్లకు చెప్పుల్లేవు. జనం తప్పుకుని దారిచ్చారు. పూలు కట్టిన బండి మా సందులోకి తిరిగి, నన్ను చూసి ఆగింది. ఎదురు వచ్చిన మనిషి పక్కకు జరిగితేనే వచ్చేవాళ్లు ఇంటికి పోతారు. అది నాకు తెలుసు. వాడి తోటి సిపాయిలు కిందికి దిగి నా వైపే చూస్తున్నారు. డ్రైవరు హారన్ కొట్టలేదు. ఇంజను ఆపేశాడు. నేను జరగలేదు.