గుద్దినోడి బండినీ ఎత్తాల

మా అత్త పోయింది. రాయదుర్గం నుంచి బళ్లారి పోయే దారిలో ఆమె స్కూటర్‌ని లారీ గుద్దింది. ఆ కబురు నాకు ఫోన్‌లో చెప్పింది మా నాయన. "మీ అత్తను లారీ కొట్టేసిందిమ్మా. నేను ఆ పక్కనే ఉంటి, ఉరికిపోయేసరికి స్కూటర్ చక్రం ఇంకా తిరుగుతానే ఉన్నింది. నేనే ఎత్తినా" అన్నాడు. సొంత అక్క గురించి ఆయన నోటి నుంచి అన్ని మాటలు విని ఏళ్లయింది.

అత్త దుడుకు మనిషి. జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డు నడిపేది. కుట్టు వంకరపోతే ఆ ప్యాంటుతోనే మొహం మీద కొట్టేది, మధ్యాహ్నం ఆ మనిషికే తన క్యారియర్‌లోంచి ముద్ద తీసి పెట్టేది. ఆదివారం షెడ్డు మూసేసి ఎండిన చెరువులో రిమోట్ కార్లు తోలేది. బొమ్మలని ఎవరైనా నవ్వితే, "బొమ్మంటాండావా? కాలు అడ్డం పెట్టి చూడప్పా, ఎముక యాడ ఇరిగిందో నువ్వే చెప్తావు" అనేది.

నాకు ఆ విద్య దెబ్బలతోనే వచ్చింది. "చేతిలో ఉండేది ట్రాన్స్‌మిటర్, అది చెప్తాది. బండిలో ఉండేది రిసీవర్, అది వింటాది. ముందు చక్రాలు తిప్పేది సర్వో. అన్నిటినీ మోసేది ఛాసీ. మళ్లీ చెప్పు." సర్వోను మోటారు అన్నందుకు వీపు మీద ఒకటి పడింది. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పను. పందెం లేకుండా బండ్లను రాళ్ల మీద ఎగరేసి, గుద్దించి ఆడటాన్ని బ్యాషింగ్ అంటారు. అదంటే అత్తకు ప్రాణం. ఒకసారి బ్యాటరీ ఉబ్బి పేలితే కనుబొమలు కాలాయి. మంట మీద మన్ను పోసి, ఆ మొహంతోనే నవ్వింది.

ఇక పందేల్లో మార్షల్ పని. ఒక పందెం ముగించినవాడు తర్వాతి పందెంలో మలుపు దగ్గర నిలబడి, బోల్తా పడిన బండ్లను ఎత్తి నిలబెట్టాలి. ఓడిపోయి కోపంతో ఇంటికి పోతామంటే అత్త ఒప్పుకునేది కాదు. "నిన్ను గుద్దినోడి బండినీ ఎత్తాల" అనేది. పడిన బండి యజమానికీ ఒక నియమం ఉంది. వెంటనే ట్రాన్స్‌మిటర్‌లో బండిని పరిగెత్తించే ట్రిగ్గర్ వదలాలి. లేకపోతే తిరిగే చక్రాలు ఎత్తేవాడి వేళ్లు కోసేస్తాయి. అందరికీ ఇది చెప్పే అత్త తాను మాత్రం వదిలేది కాదు. ఆమె బండి ఎత్తి రక్తం కార్చుకోనివాళ్లు ఆ చెరువులో లేరు.

మా తాత పోయాక, పొలంలో నీళ్లు పడిన ఒకే ఒక్క బోరు కోసం నాయన అత్త చెంప పగలగొట్టాడు. అత్త పార తిరగేసి ఆయన భుజం విరగ్గొట్టింది. అప్పటినుంచి మాటల్లేవు. నేను అత్త దగ్గరకు పోతున్నానని తెలిసి ఒక ఆదివారం నాయన నన్ను లాక్కుపోవడానికి చెరువులోకే వచ్చాడు. ఎగిరొచ్చిన అత్త బండి ఆయన మోకాలి కింద తగిలి చర్మం లేచిపోయింది. ఆయన దాన్ని ఒక్క తన్ను తన్నాడు. ఛాసీ రెండు ముక్కలైంది. అత్త చేతిలోని ట్రాన్స్‌మిటర్ విసిరి ఆయన నుదురు చిట్లగొట్టింది. జుట్టు ఒకరు, చొక్కా ఒకరు పట్టుకుని మట్టిలో పడి దొర్లారు. షెడ్డువాళ్లు వచ్చి విడదీశారు.

ఆయాసపడుతూనే అత్త వేలు చూపించింది. "బండిని తన్నినావు గదరా. పో, ఆ మలుపులో నిలబడు. పడినేటివన్నీ ఎత్తు. ఈడ రూలు అదే."

నాయన ఆ మలుపుకు ఎందుకు పోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. నుదుటికి తువ్వాలు కట్టుకుని పోయి నిలబడ్డాడు. అత్త ఇంకో బండి తీసింది. అది సరిగ్గా ఆయన ముందే బోల్తా పడింది. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. నాయన వంగి, చేతులు చాచి ఆగాడు. తల ఎత్తి అక్క వైపు చూశాడు.

అత్త ట్రిగ్గర్ వదిలేసింది.

అప్పటినుంచి నాయన ప్రతి ఆదివారం ఆ మలుపుకే వచ్చేవాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. "ఆ మొద్దుకు టీ ఇచ్చిరా పో" అని అత్త నా చేతికి గ్లాసు ఇచ్చేది. నాకు అది చాలు అనిపించేది.

అత్తను లారీ గుద్దిన రోజు రోడ్డు మీద జనం చుట్టూ చేరి ఫోన్లలో వీడియో తీస్తున్నారట. నాయన ఒకడి చెంప మీద కొట్టి ఫోను గుంతలోకి విసిరి, అక్కను ఎత్తి ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. "ఏమన్నా మాట్లాడిందా నాయనా?" అని అడిగాను. "లేదుమ్మా. నా చొక్కా గట్టిగా పట్టుకునుండె. ఆస్పత్రి కాడ వదిలేసింది" అన్నాడు.

దినాలయ్యాక వచ్చిన ఆదివారం అత్త బండి నేను తోలాను. ఏడుపుకు దారి కనపడలేదు. మలుపు దగ్గర బండి పల్టీలు కొట్టి, చక్రాలు పైకి పెట్టి పడింది. ట్రిగ్గర్ వదిలేశాను. చక్రాలు మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయాయి. నాయన వంగి, చేతులు చాచి, వాటినే చూస్తూ అట్లాగే ఉండిపోయాడు.