కెమెరాలకు చీవాట్లు

వార్నంబూల్ అనే ఊళ్లో పాత కెమెరాలు బాగుచేసే మెర్విన్ టకర్‌కు ఒకే ఒక్క దుర్గుణం ఉండేది. రిపేరుకు వచ్చిన ప్రతి కెమెరానూ ముందు నోరారా తిట్టేవాడు. ఆ తర్వాతే స్క్రూడ్రైవరు పట్టుకునేవాడు.

అదే కొట్టులో ఒక పక్కన ఊలు ఉండలు అమ్ముకునే ఆయన భార్య డల్సీకి ఈ తిట్లతో తల కొట్టేసినట్టుండేది. ఊలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు, పక్క బల్ల దగ్గర ఎవరికో అక్షింతలు పడుతున్నాయని ఆశగా తొంగిచూసేవారు. తీరా చూస్తే తిట్లు తినే మనిషే కనిపించేవాడు కాడు.

"సముద్రం ఒడ్డున ఇసకలో పొర్లమని నీకెవడు చెప్పాడు?" అని లెన్సు తిరగని కెమెరాను నిలదీసేవాడు. దాన్ని ఇసకలో పడేసిన పోస్టుమాస్టరు పక్కనే నిలబడి, బాగా గడ్డిపెట్టమన్నట్టు తల ఊపేవాడు.

చలికి లోపల గ్రీజు గడ్డకట్టి షట్టరు మెల్లగా మూసుకుంటుంటే, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "రెప్పపాటులో మూసుకోవాల్సినదానివి, ఇంతసేపా? ఈలోగా నేను గడ్డం గీసుకొచ్చేవాణ్ణి, సోమరిపోతా."

"మెర్వ్, నీకు పిచ్చెక్కిందని ఊరంతా అనుకుంటోంది," అనేది డల్సీ.

"ఊరిని అనుకోనీ. ఇది మాత్రం బుద్ధి తెచ్చుకోవాలి," అనేవాడాయన, కెమెరాకు వేలు చూపిస్తూ.

అవి సెల్‌ఫోన్లు రాని రోజులు. ఒక గురువారం పాడిరైతు లెస్ హార్డ్‌విక్, కూతురు గ్లెనిస్‌తో కలిసి కొట్టుకు వచ్చాడు. అప్పటికి గ్లెనిస్ పెళ్లయి రెండు వారాలైంది. "ఫొటోగ్రాఫరెందుకు దండగ, నేను లేనూ?" అని లెస్ తన పాత కెమెరాతో పెళ్లంతా తానే తీశాడు. కడిగించి చూస్తే ఫిలింలో ఒక్క బొమ్మ లేదు. అప్పటినుంచి తండ్రీకూతుళ్లకు మాటల్లేవు. ఆదివారం ఆ పిల్ల మొగుడితో పెర్త్ వెళ్లిపోతోంది. పెర్త్ అంటే దేశానికి ఆ కొస. మాట్లాడకుండా వెళ్లిపోతుందేమోనని లెస్‌కు వారం రోజులుగా తిండి సహించడం లేదు.

"కెమెరా చెడిపోయిందంటాడు మా నాన్న," అంది గ్లెనిస్. "చర్చికి వెళ్లేముందు రెండు బీర్లు కొట్టి ఫిలిం ఎక్కించాడంటాను నేను. తప్పెవరిదో మీరే చెప్పండి, మెర్విన్ గారూ."

"ఒక్కటే తాగానని చెప్పు, మెర్వ్."

"రెండని చెప్పండి."

మెర్విన్ కెమెరా వెనక మూత తెరిచి, పనికిరాని ఫిలిం ఒకటి ఎక్కించి మీట లాగాడు. డల్సీ ఊలు వదిలేసి వచ్చి చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమెకూ ఆ మాత్రం తెలుసు. మీట లాగినప్పుడల్లా అవతలి వైపు గుబ్బ తిరిగితే లోపల ఫిలిం కదులుతున్నట్టు. గుబ్బ చక్కగా తిరుగుతోంది. షట్టరు నిక్షేపంగా ఉంది. అంటే ఆనాడు లెస్ ఫిలిం కొసను గాడిలో సరిగా దూర్చలేదు. గుబ్బ తిరుగుతోందో లేదో చూసుకోనూ లేదు. పెళ్లంతా ఉత్తుత్తి ఫొటోలు తీశాడు.

తిరుగుతున్న గుబ్బను లెస్ కూడా చూశాడు. మొహం పాలిపోయింది. మెర్విన్ గట్టిగా ఊపిరి పీల్చేసరికి, ఇక లెస్ పని అయిపోయిందనుకుంది డల్సీ.

"ఏమే," అన్నాడాయన కెమెరాతో, "ఇన్నేళ్లు ఈ మనిషి ఉప్పు తిని, ఉన్న ఒక్క కూతురు పెళ్లినాడా ఫిలిం వదిలేస్తావు? ఆయన చెమటలు కక్కుకుంటూ, కోటైనా విప్పకుండా, పిల్ల నవ్వినప్పుడల్లా నీ మీట లాగుతుంటే, నువ్వు లోపల గుర్రుపెట్టి నిద్రపోతావా?"

గ్లెనిస్‌కు నవ్వొచ్చింది. తర్వాత తండ్రి వంక చూసింది.

"నిజమే. కోటు విప్పమని అమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. నేనెక్కడికెళ్తే అక్కడికి వెనకే వచ్చాడు."

"లేదమ్మా, అసలు తప్పు నాదే..." అని లెస్ నోరు తెరిచాడు.

"నువ్వు నోర్ముయ్, లెస్. నేను దీనితో మాట్లాడుతున్నా," అన్నాడు మెర్విన్. "దీనికి శిక్ష వేస్తున్నా. శనివారం అందరూ పెళ్లిబట్టలేసుకుని మీ పాలషెడ్డు దగ్గరికి రండి. ఫొటోలన్నీ ఇది మళ్లీ తియ్యాలి. ఫిలిం నేనెక్కిస్తా."

"మరి తీసేదెవరు?" అన్నాడు లెస్ నీరసంగా.

"నువ్వు కాకపోతే ఇంకెవరు నాన్నా?" అంది గ్లెనిస్.

శనివారం అన్నీ తీశారు. అద్దెసూటు తిరిగిచ్చేసిన పెళ్లికొడుకు ఫుట్‌బాల్ చొక్కాతో నిలబడ్డాడు. ఒక ఆవు ప్రతి ఫొటోలోనూ పడింది. ఆదివారం స్టేషనులో గ్లెనిస్ తండ్రిని వదల్లేక, రైలు కూత వేశాక గానీ ఎక్కలేదు.

ఆ సాయంత్రం డల్సీ అడిగేసింది.

"ఆ కెమెరాకు ఏ రోగమూ లేదు కదా, మెర్వ్?"

"లేదు."

"మరి దాన్నెందుకు అన్నేసి మాటలన్నావు?"

"ఎవరినో ఒకరిని అనాలి కదా. దానికైతే రాత్రి నిద్ర పడుతుంది."

డల్సీ టీ పెడుతూ ఆలోచనలో పడింది. కిందటేడు తాను కారు వెనక్కి తీస్తూ గేటును గుద్దితే, ఆయన గేటును దులిపేశాడు. క్రిస్మస్‌నాడు తాను మాంసం మాడిస్తే పొయ్యికి నానా చీవాట్లూ పెట్టాడు. ఈ మనిషికి వస్తువులతో తగాదా అనే ఆమె ఇన్నాళ్లూ విసుక్కుంది. తనను మాత్రం ఒక్క మాటా అనలేదని ఇప్పుడు తట్టింది. మొగుడి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. ఆ ప్రేమలో టీ ఆకు వెయ్యడం మరిచిపోయి, పాలు కలిపిన వేడినీళ్లు తెచ్చి ఇచ్చింది.

మెర్విన్ ఒక గుక్క తాగాడు. కప్పు కింద పెట్టాడు. కెటిల్ దగ్గరికి వెళ్లి, మూత తీసి లోపలికి చూశాడు.

"సిగ్గులేనిదానా," అన్నాడు కెటిల్‌తో, "ఆకంతా నువ్వే తినేశావా?"