వరంగల్లో దిగని ప్రయాణం

ఢిల్లీ చూడ్డానికి వెళ్ళినవాళ్ళు రాసినవి చాలా చదివాను. జబ్బుపడ్డ మనిషిని వెంటబెట్టుకు రావడానికి వెళ్ళేవాళ్ళ కోసం ఎవరూ రాసినట్టు లేదు. అందుకే ఇది.

నవంబరులో ఒక ఉదయం ఖమ్మంలో రైలెక్కాను. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్‌కు చదువుతున్న మా తమ్ముడు నరేశ్‌కు బైపోలార్ జబ్బని అక్కడి ఆసుపత్రిలో తేల్చారు. కొన్నాళ్ళు పట్టపగ్గాల్లేని హుషారు, తర్వాత మంచం దిగలేని దిగులు. ఇంటివాళ్ళు ఎవరైనా వస్తే మాట్లాడాలన్నారట. వరంగల్లో ఉండే నాన్న ఫోన్లోనే తీర్పిచ్చేశాడు. "వాన్ని ఇంటికి తోల్కరా. నా కండ్ల ముందట ఉంటె అన్నీ సక్కగైతయ్." సరేనన్నాను. నాన్నతో మాట్లాడేటప్పుడు నాకు ఆ ఒక్క మాటే వస్తుంది.

నా ఎదుటి బెర్తులో నోయిడాలో ఉద్యోగం చేసే గుంటూరు అమ్మాయి. మధ్యాహ్నం తన డబ్బాలోని పులిహోర నాకూ పెట్టింది. "చలి మొదలైందండీ అక్కడ, స్వెట్టర్ తెచ్చుకున్నారా?" అని అడిగింది. తమ్ముడికి రెండు తెచ్చాను. నాకు తెచ్చుకోవడం తట్టలేదు.

మర్నాడు పొద్దున న్యూఢిల్లీలో దిగాను. సామాను తక్కువైతే మెట్రో మేలు, ఆటోవాళ్ళు మన హిందీని బట్టి రేటు కడతారు. రాజీవ్ చౌక్‌లో మారి కరోల్ బాగ్‌లో దిగి నడిచాను. మూడో అంతస్తులో కిటికీ లేని గది. తలుపు తీసింది నరేశ్‌తో కలిసుండే అనంతపురం కుర్రాడు ఓబులేసు.

"ఆసుపత్రికి పోకముందు వరసగా మూడు దినాలు పండుకోల్యాదక్కా," అన్నాడు. "రీడింగ్ రూంలో అందురూ ఈసారి ఈడు ర్యాంకు కొట్టేస్తాడబ్బా అనిరి. మేమూ అట్లే అనుకుంటిమి."

ఆ కుర్రాణ్ణి ఏమనగలను? నిద్ర మానుకున్నవాణ్ణి చూసి చప్పట్లు కొట్టే వీధి అది. అక్కడ జబ్బుకు పట్టుదల అని పేరు పెట్టారు.

నరేశ్ గోడకు ఆనుకుని తలుపు వైపే చూస్తున్నాడు. చిక్కిపోయాడు. మెట్లమీద అడుగులు వినబడగానే చటుక్కున లేచి నిలబడ్డాడు. వచ్చింది పక్క గదికి టిఫిన్ డబ్బా తెచ్చే మనిషి. అలా నిలబడడం నాకు తెలుసు. మా చిన్నప్పుడు నాన్న తాగి వచ్చి, నిద్రపోతున్న మమ్మల్ని లేపి ఎక్కాలు అడిగేవాడు. తప్పితే బెల్టు. ఊళ్ళో దానికి క్రమశిక్షణ అని పేరు. అడుగుల చప్పుడుకే లేచి నిలబడితే ఒక దెబ్బ తగ్గేది.

మర్నాడు ఆసుపత్రికి తెల్లవారకముందే వెళ్ళాం. మీరూ అలాగే వెళ్ళండి, ఎనిమిదికల్లా వరస గేటు దాటుతుంది. తినడానికి ఏదైనా తీసుకెళ్ళండి. మా వంతు వచ్చేసరికి పన్నెండైంది. డాక్టరమ్మ నరేశ్‌ను హిందీలో చిన్నతనం గురించి అడిగింది.

"అచ్ఛా థా, మేడమ్," అన్నాడు నేల చూస్తూ. బాగానే ఉండేదట.

ఇంటి గుట్టు గడప దాటకూడదని మా ఇద్దరికీ నేర్పిన మనిషి ఒకరే. అయినా చెప్పాను, బెల్టుతో సహా. నా హిందీలో వ్యాకరణం లేదు గాని ఆమెకు అర్థమైంది.

"ఈ జబ్బు దెబ్బలవల్లే వచ్చిందని చెప్పలేం," అంది. "కానీ చిన్నప్పుడు అలా నలిగినవాళ్ళకు జబ్బుతోపాటు ఆందోళన కూడా తోడవడం ఎక్కువ. రెండూ కలిస్తే కుదుటపడడం కష్టం. రెండింటికీ వైద్యం కావాలి. మందులు మానకూడదు, నిద్ర చెడకూడదు. భయం లేకుండా పడుకునే చోటు ఉందా?"

వరండాలోకి వెళ్ళి మా ఆయనకు ఫోన్ చేశాను. బయట కుల్చాలు తింటుంటే నరేశ్ అడిగాడు, "ఇంటికేనా అక్కా?"

"మా ఇంటికి. మీ బావతోని మాట్లాడిన."

వాడు ప్లేటులో ఉన్నది మొత్తం తిన్నాడు.

రెండు రోజుల తర్వాత తిరుగు రైలెక్కాం. వాడికి కింది బెర్తు ఇచ్చాను. బల్లార్షా దాటాక నాన్న ఫోను.

"వరంగల్ స్టేషన్‌కు వస్తున్న. ఏ డబ్బా?"

"దిగుతలేం నాన్నా. ఖమ్మం పోతున్నం. తమ్ముడు మా ఇంట్ల ఉంటడు."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలె," అని పెట్టేశాను.

వరంగల్లో బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీద అడుగుల చప్పుళ్ళు. డబ్బా తలుపు తెరుచుకుంది. వాటర్ బాటిళ్ళవాడు ఎక్కాడు. రైలు కదిలింది. అప్పుడు చూసుకుంటే నేను సీట్లో లేను, లేచి నిలబడి ఉన్నాను.

నరేశ్ నన్నే చూస్తున్నాడు. "నీక్కూడ గిట్లనే అయితదా అక్కా?"

"అయితది."

వాడు జరిగి పక్కన చోటిచ్చాడు. ఢిల్లీలో నేను ఏ కోటా చూడలేదు, ఏ తోటా చూడలేదు. ఒకే గదిలో ఆ అడుగుల చప్పుడుకు నిద్రలేచిన ఇద్దరం ఆ ఒక్క మాట అనుకోవడానికి అంత దూరం వెళ్ళి రావలసి వచ్చింది.