నోరా పబ్బులో ఆరడుగుల గది

మనిషన్నవాడు ఒక్కసారైనా పరాయివాళ్ళ గోడ ఊడదీయించాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. అయినా నేను ఊడదీయించాను. అదీ కార్క్ నగరంలో, ముత్తాతల నాటి పబ్బులో, చుక్క మందు ముట్టకుండా. తాగి చేసుంటే కనీసం క్షమించడానికి ఓ కారణం ఉండేది.

నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు, నాకు నేనే పట్టుకున్నాను. అంగకు రెండున్నర అడుగుల చొప్పున నడిచి దేన్నయినా కొలిచేస్తాను. అప్పట్లో ఊరి శివారు బాలింకాలిగ్‌లో ఇల్లు అద్దెకు తీసుకునే తెలుగువాళ్ళు సోఫా పడుతుందో లేదో చూడమని నన్నే పిలిచేవారు. మా మందుల ఫ్యాక్టరీలో నన్ను రావు అని ఎవరూ అనరు, నా పేరు 'నడిచే టేపు'. పొగడ్త అంతగా తలకెక్కాక ఇక బీరెందుకు చెప్పండి.

ఒక శనివారం మధ్యాహ్నం వాన తప్పించుకోవడానికి నేనూ మా ఆవిడ సరళా ఓ పబ్బులో దూరాం. యజమానురాలు నోరాకి డెబ్బై దాటాయి. మాకు బ్లాక్‌కరెంట్ పళ్ళరసం కలిపిన నీళ్ళిచ్చి, తలుపు పక్కనున్న బుల్లి చెక్కగది చూపించింది. దాన్ని స్నగ్ అంటారు. వెనకటి రోజుల్లో ఆడవాళ్ళు ఎవరి కంటా పడకుండా తాగడానికి కట్టింది. ఇలాంటిదే ఇంకొకటి వెనకవైపు ఉండేదనీ, వాళ్ళ నాయనమ్మ బ్రిజిడ్ అక్కడే కూర్చునేదనీ, తర్వాతెప్పుడో మూసేశారనీ తాతగారు చెప్పేవారట. పోయేలోగా ఒక్కసారి చూడాలని ఉంది అంది.

నేను ఊరుకుంటానా? నదిమీది గాలి ఈడ్చి కొడుతున్నా పక్కసందులోకి వెళ్ళి ముందు మూల నుంచి వెనక మూలదాకా నడిచాను. ఇరవైనాలుగు అంగలు, అరవై అడుగులు. లోపల ఇరవైఒకటి, అంటే యాభై రెండున్నర. గోడల మందం ఒకటిన్నర తీసేశాను.

"నోరా, నీ పబ్బులో ఆరడుగులు కనబడటం లేదు," అన్నాను, స్కానింగు చూసిన డాక్టరులా.

ఆమె గ్లాసు తుడవడం ఆపేసింది. "ఖాయమేనా?"

"లెక్క అబద్ధమాడదు."

సరళ నా కోటు లాగింది. "ఏమండీ, జేబులో టేపుంది కదా. బయట ఆ గాలికి..."

"గాలికీ గోడకీ సంబంధమేమిటే? టేపు లెక్క రానివాళ్ళకి."

వారం తిరిగేసరికి ఊళ్ళో సగంమందికి తెలిసిపోయింది. గది లేదు, తలుపు లేదు, గది పేరు బ్రిజిడ్. మళ్ళీ శనివారం పబ్బు నిండా జనం. నోరా మంచి గౌను వేసుకుని, నాయనమ్మ ఫోటో పట్టుకుని కూర్చుంది. వడ్రంగి ఆమె తమ్ముడే. వెనక గోడకున్న, ద్రాక్షగుత్తులు చెక్కిన పాత చెక్కపలకమీద చెయ్యి వేసి, ఇది పగిలితే ఇలాంటిది మళ్ళీ దొరకదని హెచ్చరించాడు. నోరా నావైపు చూసింది. నేను తలూపాను. ఆ తల ఆ రోజు ఎవరైనా అద్దెకు తీసుకుపోయి ఉంటే ఎంత బాగుండేది.

పలక నడిమికి పగిలింది. వెనకాల ఒక చిన్న గూడు, దాని వెనక గోడ. కొండను తవ్వినవాడికి ఎలుకైనా దొరికింది, మాకు ఇటుక దొరికింది.

"ఇంకా లోపల ఉంటుంది, ఇటుక తియ్యండి," అన్నాను. మునిగేవాడికి లోతు పట్టదు కదా.

సరళ నా జేబులోంచి టేపు తీసి, రెండో కొస నా చేతికిచ్చి సందులోకి నడిపించింది. యాభైనాలుగడుగులు. ఒక్క అంగుళం ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"ఆ రోజు మీరు నడిచారనుకుంటున్నారు. వెనక గొడుగు పట్టుకుని చచ్చింది నేను. ఎదురుగాలికి మీరు పాకారు."

నిలబడ్డచోటే లెక్క కట్టాను. అంగకు మూడంగుళాలు తగ్గింది. ఇరవైనాలుగు మూళ్ళు డెబ్బైరెండు అంగుళాలు, సరిగ్గా ఆరడుగులు. నా జీవితంలో ఏ లెక్కా అంత కచ్చితంగా కుదరలేదు.

లోపలికొచ్చి నోరాకి చెప్పాను. ఆమె ఫోటోమీద పడ్డ ఇటుక దుమ్ము తుడిచింది. తర్వాత "గ్రాండ్" అంది. ఈ దేశంలో పెళ్ళికీ ఆ మాటే, చావుకీ ఆ మాటే. ఇది దేనికో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నెల తర్వాత భయపడుతూ వెళ్ళాను. పగిలిన పలకకు తమ్ముడు బుల్లి తలుపు చేసి పెట్టాడు. గూట్లో బ్రిజిడ్ ఫోటో, ముందొక చిన్న గ్లాసు. పైన ఇత్తడి రేకుమీద నోరా చెక్కించిన మాట: "రావు కనిపెట్టిన స్నగ్. ఇందులో తాగినవాళ్ళను ఇంతవరకు ఎవరూ చూడలేదు."

ఆ ఇత్తడి రేకు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ నా కాళ్ళతో దేన్నీ కొలవను. అన్నట్టు, ఆ రేకు పొడవు జానెడు. జాన చేత్తో కొలిచేది కాబట్టి అది లెక్కలోకి రాదు.