మామగారి ముందు అడిగిన ప్రశ్న

2023 ఎండాకాలం. వేలూరులో గుండె ఆపరేషన్లు చేసే ఒక ఆసుపత్రిలో నేను రీసెర్చ్ నర్సుని. రీసెర్చ్ నర్సంటే సూదులు వేసే పని తక్కువ, ప్రశ్నలు అడిగే పని ఎక్కువ. ఏళ్ల తరబడి వార్డులో కాళ్లరిగేలా తిరిగాక దొరికిన కుర్చీ కాబట్టి దాని మీద కాస్త గర్వంగానే కూర్చునేదాన్ని. పైగా అక్కడ తెలుగు మాట్లాడే నర్సుల్లో పెద్దదాన్ని. గుడియాత్తం, కే.వి.కుప్పం వైపు మనవాళ్లు ఎవరొచ్చినా నా దగ్గరికే పంపేవారు.

అప్పటి ట్రయల్ ఆడవాళ్ల కోసం. గుండె ఆపరేషన్‌లో ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక తీగతో బిగిస్తారు. అలా కోయడాన్ని స్టెర్నాటమీ అంటారు. రొమ్ముల బరువుకి ఆ గాయం లాగుతుంది, కింది కొసన చెమట చేరుతుంది. ముందు హుక్కులున్న బిగుతు బనియన్ తొడిగితే గాయం బాగా మానుతుందా లేదా అన్నది మేం తేల్చాల్సిన సంగతి. ఎవరికి బనియన్, ఎవరికి మామూలు జాకెట్ అన్నది కంప్యూటర్ చీటీ తీసినట్టు చెబుతుంది. రాండమైజేషన్ అని పెద్ద పేరే గాని అంతే.

రేణుకకి బనియన్ వచ్చింది. పేర్లు మార్చే రాస్తున్నాను. గుడియాత్తంలో నేతవాళ్ల కోడలు. చిన్నప్పటి కీళ్లజ్వరం పాడుచేసిన వాల్వ్ తీసి లోహపు వాల్వ్ పెట్టారు. మొగుడు బెంగళూరులో కట్టడం పనికి పోయాడు, అందుకని చెకప్‌కి మామ మునుస్వామిగారు తోడొచ్చారు. ఆ ఎండలో బస్సు దిగి వచ్చిన పెద్దాయన కదా అని టీ తెప్పించబోతే వద్దన్నారు.

"నేను టీ తాగనమ్మా. పుట్టినకాడి నుంచి అలవాటు లేదు."

గదిలో తెర ఉతకడానికి పోయింది. బయట జనం. మామగారు కుర్చీలో, రేణుక నిలబడి. మామ ముందు ఆ పిల్ల కూర్చోదని నాకు తెలుసు. నేనూ ఒకింటి కోడల్నే, మా మామగారి ముందు ఇప్పటికీ కూర్చోను. అంత తెలిసినదాన్ని, ఆయన వింటుండగా గడగడా అడిగేశాను. నొప్పి ఉందా, జ్వరం వచ్చిందా, రొమ్ముల కింద తడి ఉందా, చీము కారుతోందా?

మామగారు తల తిప్పి గోడవైపు చూశారు. రేణుక పైట భుజాల మీదుగా నిండా లాక్కుంది.

"ఏమీ లేదక్కా. బాగుండాది."

పైట కాస్త తొలగించి గాయం పైభాగం చూశాను. చక్కగా మానింది. జాకెట్ కింద బనియన్ అంచు కనబడింది, దాని మీద పచ్చటి మరక.

"ఇదేంది రేణుకా?"

"కొత్త గుడ్డ గదక్కా. పసుపు పెట్టి వేసుకుంటిని."

నాకు నవ్వొచ్చింది. మా అమ్మ కొత్త చీర మూలకి పసుపు పెట్టందే కట్టనిచ్చేది కాదు. పక్కనున్న తమిళ నర్సుకి మా ఆచారం గొప్పగా వివరించాను కూడా. హుక్కులు విప్పి కింది కొస చూడలేదు. 'ఇబ్బంది లేదు' అని కంప్యూటర్లో ఎక్కించి పంపేశాను. అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చచ్చిందంటారు. ఆ అమ్మని నేనే.

ఆ వారంలోనే మునుస్వామిగారు మళ్లీ వచ్చారు. గడప దాటి లోపలికి రాలేదు. తువ్వాలు రెండు చేతులతో నలుపుతూ నిలబడ్డారు.

"కోడలు కింద కూర్చోనుండాది తల్లీ. మాత్రలు మార్చాలంట అని చెప్పి పిల్చకొచ్చినా. ఆ గుడ్డ ఉండాదే... మీరిచ్చినది. వీథిలో ఆరేస్తే నలుగురూ చూస్తారని లోపలే తాడు మీద ఆరేస్తాది. నేను మగ్గం గుంతలో కూర్చుంటే మొగానికి నేరుగా ఉంటాది. ఉతికినా వాసన పోలా. చెడిన వాసన."

 మెడ దాకా చెమట పట్టింది ఆయనకి.

"మామని, నేను అడిగే మాటా ఇది? నువ్వు నా ముందర అడిగితివి, అది యాడ చెప్తాది తల్లీ? నేను చెప్పినట్టు మాత్రం దానికి చెప్పొద్దు."

నాకు తల కొట్టేసినట్టయింది. గబగబా కిందికి దిగాను.

రేణుకని డ్రెస్సింగ్ రూంలోకి తీసుకెళ్లి తలుపు గడియపెట్టి హుక్కులు విప్పాను. కింది కొసన గాయం నోరు తెరిచి ఉంది, చీము. లోహపు వాల్వ్ ఉన్న మనిషికి ఆ చీము నెత్తుట్లో కలిసి వాల్వ్‌కి పట్టిందంటే ప్రాణం దక్కడం కష్టం. 

"ఆ పొద్దు ఎందుకు చెప్పలేదమ్మా?"

"మామ ముందర ఏం చెప్పేదక్కా? సిగ్గుతో, వెక్కంతో చచ్చిపోతి. పసుపంటే నువ్వు నమ్మేస్తివి."

ఆ రోజే అడ్మిట్ చేసి, థియేటర్లో గాయం కడిగి, రక్తనాళంలోకి యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. అదృష్టం బాగుండి చీము ఎముక దాకా పోలేదు. ట్రయల్ నడిపే డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, చూడకుండానే బాగుందని ఎక్కించానని చెప్పాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది. ఆయన ట్రయల్ జాబితా ముందుకి లాక్కుని, "సిస్టర్, మిగతావాళ్లని కూడా ఎవరో ఒకరి ముందే అడిగాం కదా?" అన్నారు.

అవును. మామల ముందు, మరుదుల ముందు, ఎదిగిన కొడుకుల ముందు. మేం సంబరపడిన 'లేదు'లలో ఏది నిజమో, ఏది సిగ్గో మాకే తెలియదు. బనియన్ మంచిదా కాదా అని తేల్చడానికి కూర్చున్నవాళ్లం, సరిగ్గా అడగడమే చేతకాలేదు. అందర్నీ మళ్లీ పిలిచి, తోడొచ్చినవాళ్లని బయట కూర్చోబెట్టి, మొదట్నించి అడిగాం. కొందరు ఏడ్చారు కూడా. అప్పట్నించి నా గదిలో తెర లేనిదే, తలుపు మూయనిదే నేను నోరు తెరవను. ఆచారాలు తెలుసన్న ధీమాతో కళ్లు మూసుకోను.

రేణుక కోలుకుంది. వార్డులో ఉండగా ఒకసారి నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది.

"మా మామకి గాయం యాడ చెడిందో తెలీదు గదక్కా?"

"తెలీదు" అన్నాను.

తర్వాతి చెకప్‌కి ఇద్దరూ వచ్చారు. నేను కుర్చీలోంచి లేచి, "పెద్దాయనా, కాస్త బయట..." అనబోయేంతలో మునుస్వామిగారే లేచారు.

"టీ తాగేసి వస్తా తల్లీ. మెల్లిగానే చూడండి."

బయటికెళ్లి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగారు. రేణుక కూర్చుని, హుక్కులు తానే విప్పుకుంటూ నవ్వింది.

"ఎప్పుడూ తాగనాయన ఈడికొచ్చి టీ అంటాడేందక్కా. ఏం రుచి దొరికిందో!"

నేను తల వంచుకుని గాయం చూశాను.